గాలి లాగే బండి

మా రోజుల్లో బండికి జబ్బు చేస్తే బండే చెప్పుకునేది. వణికేది, దగ్గేది, బస్టాండు మలుపులో పాసింజర్ల ముందు పరువు తీసి ఆగిపోయేది. ఇప్పటి కార్లకు అంత మొహమాటమెందుకో! డాష్‌బోర్డులో ఇంజిన్ బొమ్మ ఒకటి పసుప్పచ్చగా వెలిగించి ఊరుకుంటాయి. ఏమైందే తల్లీ అంటే పలకదు. మినుకు మినుకుమంటే మాత్రం ఇంజిన్ మిస్ కొడుతోందని, బండి పక్కకు ఆపాలని అర్థమట. అదీ పుస్తకం చూస్తే గానీ తెలియదు.

నేను సిరుగుప్పలో పెట్రోలు అంబాసిడర్ టాక్సీ తోలినవాణ్ణి. పెళ్ళిళ్ళకు, ఆస్పత్రికి, మిల్లు షావుకార్ల వసూళ్ళకు బళ్ళారికో ఆదోనికో రోజూ తిరుగుడే. 1953 అక్టోబరులో ఆదోనిని ఆంధ్రలో ఉంచి మమ్మల్ని మైసూరులో కలిపారు గానీ, కార్బురేటర్ జెట్టు కోసం రాష్ట్రం దాటడం మాకు పక్కవీధికి పోయినట్టే ఉండేది.

ఆ బండిలో గాలి గొట్టాలు ఎన్నని! కార్బురేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు పోయే సన్న పైపు ఒకటి. సైలెన్సులో, అంటే రేసు వదిలి ఉంచినప్పుడు, బండి నిలవడం లేదంటే ఆ పైపును, కార్బురేటర్ కింది ప్యాకింగును, మానిఫోల్డ్ ప్యాకింగును చూస్తే సరి. మా మేస్త్రీ బానెట్ ఎత్తి, ఇంజిన్ తిరుగుతుండగానే బీడీ ముట్టించి, పొగను ప్యాకింగుల వెంబడి వదిలేవాడు. పొగ ఎక్కడ చటుక్కున లోపలికి దూరితే అక్కడ చిల్లు. పెట్రోలు పక్కన బీడీ! ఎట్లా బతికి బట్టకట్టామో ఆ తుంగభద్రమ్మకే తెలియాలి. మీరెవరూ ఆ పని చేయొద్దు. ఇప్పుడు పెద్ద షెడ్లలో స్మోక్ మెషిన్ పెట్టుకొని, ఇంజిన్ ఆపి, గొట్టాల్లోకి పొగ కొట్టి ఎక్కడ బయటికొస్తుందో చూస్తారు. మా మేస్త్రీ బీడీనే తిరగేశారు. దానికి బిల్లు వేరే.

పోయిన సుగ్గిలో మా మనవడి కారులో ఆ పసుపు లైటు వెలిగింది. సైలెన్సులో ఇంజిన్ ఎక్కుతూ దిగుతూ ఊగుతోంది. వాడు ఒక షెడ్డుకు తోలుకుపోయాడు. అక్కడి కుర్రవాడు స్టీరింగ్ కింది సాకెట్టుకు యంత్రం తగిలించాడు. ఆ సాకెట్టు అమెరికాలో 1996 మోడళ్ళ నుంచే తప్పనిసరి. మనదాకా రావడానికి ఇంకో పదేళ్ళ పైన పట్టింది. యంత్రంలో పి0171 అని కోడ్ వచ్చింది. గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైంది అని దానర్థం. ఆ సంగతి పసిగట్టేది పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్. కాబట్టి సెన్సరే చెడిందని తేల్చి దాన్ని మార్చేశాడు. ఆరు వేల చిల్లర. నాలుగో రోజుకు లైటు మళ్ళీ హాజరు.

దొంగలు పడ్డారని కేకేసిన తలారిని కొలువు నుంచి పీకేసినట్టు లేదూ!

“బ్యాటరీ వైరు పీకి పెడితే లైటు పోతాదంట తాతా” అన్నాడు మనవడు.

“లైటు పోతాది లేరా, చిల్లు పోతాదా?” అన్నాను.

పెట్రోలు ఇంజిన్ తూకంలో ఒక వంతు పెట్రోలుకు 14.7 వంతుల గాలి అడుగుతుంది. లోపలికెంత గాలి పోతోందో లెక్కగట్టి కంప్యూటర్ పెట్రోలు పోస్తుంది. చిల్లులోంచి దూరే గాలి టికెట్టు లేకుండా ఎక్కిన పాసింజరు, కండక్టరు లెక్కలో ఉండదు. సెన్సర్ ఫిర్యాదు చేస్తే కంప్యూటర్ ఇంకొంచెం పెట్రోలు, ఇంకొంచెం పెట్రోలు అని పెంచుకుంటూ పోతుంది. పెంచే హద్దు దాటాక లైటు వెలిగిస్తుంది.

మనవడు ఫోన్లో అంకెలు చూపించాడు. సైలెన్సులో కంప్యూటర్ పెట్రోలు నూటికి 22 పెంచుతోంది; 2,500 చక్కర్ల దాకా రేసిస్తే నాలుగే. చిల్లంటే ఇదే! రేసు వదిలినప్పుడు ఇంజిన్‌లోకి గాలి పోయే దారిలోని తలుపు మూసి ఉంటుంది, ఇంజిన్ బలంగా పీలుస్తుంది, చిల్లు గాలిదే రాజ్యం. తలుపు తెరిచాక గాలి వరదలా వస్తుంటే ఆ చిల్లెంత? ‘రేసిస్తే సర్దుకుంటే గాలి లాగుతున్నట్టు’ అని మా మేస్త్రీ చెప్పిన మాటనే వీళ్ళు అంకెల్లో చెబుతున్నారు.

సరే, చిల్లు వెతుకుదామని రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకొని, రెండో కొస పైపుల వెంబడి తిప్పాను. ఏమీ వినబడలేదు. మళ్ళీ తిప్పాను. మనవడు గొట్టం లాక్కొని తన చెవిలో పెట్టుకున్నాడు. “బుస్సుమంటోంది కదా తాతా!” ఇన్నేళ్ళ హారన్లకు నా చెవులు ఎప్పుడో పోయినట్టున్నాయి. ఎవరూ చెప్పలేదు. చెప్పారేమో, వినబడలేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మా కాలంలో చిల్లు దొరక్కపోతే మిక్చర్ స్క్రూ కాస్త తిప్పి పెట్రోలు పెంచేవాళ్ళం, సైలెన్సు స్క్రూ కొంచెం బిగించేవాళ్ళం. బండి నిలబడేది. ఒక ప్యాకింగ్ చిల్లుతో నేను రెండేళ్ళు తోలాను. ఎంత తాగుతున్నావని అడిగే లైటు దానికి లేదు. తోలినంత కాలం పెట్రోలు బంకు వాణ్ణి తిట్టుకున్నాను.

మనవడి కారులో చిల్లు పడింది ఇంజిన్ వెనకాల, క్రాంక్‌కేసు ఆవిర్లను తిరిగి లోపలికి లాగే మెత్తటి రబ్బరు పైపుకు. పంటి గాట్లు, పక్కనే గుప్పెడు వడ్లు, ఇంత ఊక. మాది వరి పండే ఊరు, మిల్లుల ఊరు, పందికొక్కులకు కొదవేముంది? వీడు కారు పెట్టేది మిల్లు గోడ వారనే. ఆరు వేలు తీసుకున్నవాడు బానెట్ ఎత్తి వెనక్కి ఒక్కసారి వంగి ఉంటే వడ్లు కనబడేవి.

పైపు ధర రెండు వందలు కూడా కాలేదు. లైటు ఆరింది. ఇప్పుడు వాడు మిల్లు దగ్గర మానేసి మా ఇంటి ముందు, వేపచెట్టు నీడలో పెడుతున్నాడు కారు. నేను మంచం వేసుకునే చోట.