ఫొటో సారు

కరోనాతో బళ్లు మూతపడి ఉండగా, 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో సర్కారు బడి పిల్లలకు టీవీలో పాఠాలు మొదలయ్యాయి. దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో తరగతికో వేళ చొప్పున ఎవరో సారు, ఎవరో టీచరమ్మ వచ్చి చెప్పి వెళ్తారు. మరి ఊళ్లో ఉన్న అసలు సార్ల పని? పిల్లలు టీవీ చూస్తున్నారో లేదో చూడటం. అలా పుట్టినవాడే ఫొటో సారు.

ఆయన లెక్కల సారు. ఇరవై ఏళ్లు సుద్దముక్క పట్టిన చేతిలో ఇప్పుడు ఫోను, చంకలో రిజిస్టరు, గడ్డం కింద మాస్కు, జేబులో శానిటైజర్ సీసా. రిజిస్టరులో గళ్లు: టీవీ ఉన్నవాళ్లు, ఫోను ఉన్నవాళ్లు, రెండూ లేనివాళ్లు. రెండూ లేని పిల్లల్ని పక్కింటి టీవీకో, పంచాయతీ ఆఫీసు టీవీకో జతచెయ్యాలి. చెప్పినంత సులువా? ఆ పక్కింటికీ ఈ ఇంటికీ తాతల నాటి గెట్టు తగాదా. బీజగణితం కోసం వాళ్ల గడప తొక్కితే ఇన్నేళ్ల పౌరుషం ఏం కావాలి?

సారు బండి చప్పుడు వీధి మొదట్లోనే పిల్లలకు తెలిసిపోతుంది. "అరే, సారొస్తుండు, పాఠం వెట్టుర్రి!" అప్పటిదాకా ఫైటింగులో ఉన్న హీరో గాల్లోనే మాయమై, త్రిభుజం ప్రత్యక్షమవుతుంది. సారు లోపలికి రాడు, కరోనా. వాకిట్లో నిలబడే ఫోను ఎత్తుతాడు. "నా దిక్కు గాదు, టీవీ దిక్కు సూడు!" ఫొటోలో పిల్లవాడి వీపు పడాలి, టీవీ పడాలి, టీవీలోని సారు పడాలి. వీపులన్నీ ఒక్కలాగే ఉన్నాయని పైవాళ్లు అడుగుతారేమోనని, అడగకముందే ఒక్కొక్కరి చేతిలో పుస్తకం కూడా పెట్టించాడు. సాయంత్రానికి అవన్నీ వాట్సాప్ గ్రూపులోకి వెళ్లాలి. ఆ ఊళ్లో సిగ్నల్ అందేది నీళ్ల ట్యాంకు దగ్గరే కాబట్టి, రోజూ పొద్దుగూకే వేళ ట్యాంకు మెట్ల మీద కూర్చుని ఫోనును ఆకాశానికి చూపించేవాడు. తెలియనివాళ్లు సంధ్యావందనం అనుకున్నారు.

హాజరు తీసుకోవడమే అసలు కష్టం. కరెంటు వోయింది సార్. కేబులాయన కట్ చేసిండు సార్. నాయిన ఫోను పట్కవోయిండు సార్. ఇవన్నీ నిజాలే కావడం సారుకు మరీ ఇబ్బంది, తిట్టడానికి లేదు. పత్తి చేతికొచ్చాక మాత్రం అన్ని ఇళ్లదీ ఒకటే జవాబు: "పత్తేరవోయిండు సారూ." దానికి రిజిస్టరులో గడి లేదు. సారు కాసేపు ఆలోచించి 'నెట్‌వర్క్ సమస్య' అని రాసేవాడు.

ఇన్ని పడ్డాడు గానీ, ఆయన ఓర్వలేకపోయింది టీవీ సారును. ఫొటో తీయగానే వెళ్లిపోవాలి, వెళ్లడు. గుమ్మంలో నిలబడి పాఠం వింటాడు. "ఆ మెట్టు ఇడిసిపెట్టిండు," అంటాడు. "గుర్తు మారుతదని చెప్పకపాయె. ఇగ పోరలకు ఏం తెల్వాలె?" టీవీ సారు "అర్థమైందా పిల్లలూ?" అని అడిగి రెండు క్షణాలు ఆగుతాడు. పిల్లలు పలకరు. గుమ్మంలోంచి మన సారు "కాలే!" అంటాడు. టీవీ సారు "చాలా బాగుంది" అని తర్వాతి లెక్కలోకి వెళ్లిపోతాడు. ఈ అవమానం మరిచిపోవడానికి ఆయన ఒకటి రెండుసార్లు టీవీ గొంతు నొక్కించి, వాకిట్లో బొగ్గుతో అదే లెక్క మళ్లీ చేసి చూపించాడు. ఫొటో మాత్రం టీవీదే పంపాడు.

ఒక ఇంట్లో మనవడితో పాటు రోజూ పాఠం వినే అవ్వ ఉండేది. ఆమె తీర్పు ఇది: "గా టీవీ సారు మంచోడు సారూ. కొట్టడు, తిట్టడు. మా పోరడు కునుకు దీసినా ఏమనడు." సారు ఆ పూట ఆ ఇంట్లో చాయ్ తాగలేదు.

2021 ఫిబ్రవరి 1న 9, 10 తరగతులకు బడి తెరిచారు. సారు సుద్దముక్క పట్టుకుని, గొంతు పోయేదాకా పాఠం చెప్పి, గంట కొట్టగానే అలవాటుగా ఫోను తీశాడు. పిల్లలు కూడా అలవాటుగా వీపులు తిప్పారు. ఆ ముచ్చటా ఎన్నాళ్లో నిలవలేదు. కేసులు పెరిగి మార్చి 24 నుంచి బళ్లన్నీ మళ్లీ మూసేశారు.

ఆ రాత్రి సారు ఫోనులో ఖాళీ లేదు. కొత్త ఫొటోలకు జాగా చేయాలి. టీవీ ముందరి వీపుల జోలికి పోకుండా మేనకోడలి పెళ్లి ఫొటోలు వరసపెట్టి తీసేస్తుంటే భార్య లబలబలాడింది.

"పెండ్లయిందా లేదా అని రేపు మనల్ని ఎవడన్న అడుగుతడా?" అన్నాడు సారు.