రేగడి మీద బిగించిన గోడ

డెన్వర్ శివార్లలో మా ఇంటి బేస్‌మెంట్‌లో పిల్లల చదువు గదికోసం అడ్డంగా ఒక చెక్క గోడ కట్టాను. అందులో నేను చేసిన తెలివితక్కువ పని ఇప్పటికీ మింగుడు పడదు. తెలియక చేసింది కాదు మరి.

పని మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకునే చేశాను. మామూలు చెక్క కాంక్రీటు చెమ్మకు పుచ్చిపోతుందని, అడుగు పట్టీకి మందెక్కించిన చెక్కే తెచ్చాను. సుద్దపొడి అద్దిన దారంతో నేలమీద గీత కొట్టాను. హామర్ డ్రిల్‌తో రంధ్రాలు తొలిచి, లోపలి పిండి ఊదేసి, నీలంరంగు టాప్‌కాన్ స్క్రూలు బిగించాను. 16 అంగుళాలకొక నిలువు చెక్క. ఒక్కోదాన్నీ విడిగా కొలిచి కోసి, నేలకూ పై అంతస్తును మోసే జాయిస్టులకూ మధ్య బిర్రుగా దిగ్గొట్టాను. తోసి చూస్తే రవ్వంత కదల్లేదు. పొంగిపోయాను.

మంచు కరిగే రోజులొచ్చేసరికి పైన వంటగది తలుపు పట్టేయసాగింది. చెక్క ఉబ్బిందనుకుని చిత్రిక పట్టాను. ఆ తర్వాత ద్వారబంధం మూలనుంచి ఐమూలగా చీలిక బయల్దేరింది. పిలిపించిన ఇంజనీరు ఆ చీలికను ఓసారి చూసి తిన్నగా బేస్‌మెంట్‌లోకి దిగాడు. గోడ అడుగున వేళ్లు పెట్టబోతే దూరలేదు. “సందేదీ?” అన్నాడు.

ఇక్కడి నేలలో బెంటోనైట్ బంకమన్ను ఉంటుంది. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంగుతుంది. అలాంటిచోట చాలా ఇళ్ల పునాది గోడలు లోతైన కాంక్రీటు స్తంభాలమీద నిలుస్తాయి. బేస్‌మెంట్ నేల మాత్రం విడిగా మట్టిమీదే పరిచి ఉంటుంది, మట్టితోపాటే లేస్తుంది. అందుకని లోపలి గోడను పై జాయిస్టులనుంచి వేలాడదీస్తారు. నేలకు బిగించిన పట్టీకీ గోడ అడుగు పట్టీకీ మధ్య అంగుళమున్నర, కొన్నిచోట్ల అంతకు మించి సందు వదులుతారు. రెంటినీ కలిపే పొడుగాటి మేకులు పై పట్టీ రంధ్రాల్లో వదులుగా జారుతాయి. నేల లేచినా గోడ అక్కడే ఉంటుంది. నేను బిగించిన గోడ జాకీలా ఇంటినే ఎత్తుతోంది.

మాది పల్నాడు. ఎండాకాలం నల్లరేగడి నెర్రెల్లో చెయ్యి మోచేతిదాకా దూరేది. వానలు పడితే అవే నెర్రెలు కనపడకుండా మూసుకుపోయేవి. మా ఇల్లు కట్టేటప్పుడు నాన్న గట్టినేల తగిలేదాకా రేగడి తవ్వించి, గరుసు పోయించి పునాది వేయించాడు. ఆ గరుసు తట్టలు మోసినవాణ్ణి నేను. నున్నటి కాంక్రీటు చూసేసరికి దానికింద మన్నుంటుందన్న ఊహే రాలేదు నాకు. కొత్త ఇల్లు అమ్మేటప్పుడు మట్టి పరీక్ష నివేదిక కొనేవాడి చేతికివ్వాలని కొలరాడో చట్టం. నాకూ ఇచ్చారు. సంతకం పెట్టి ఫైల్లో పడేశాను. గోడకు పర్మిట్ తీసుకుని ఉంటే తనిఖీకి వచ్చినవాడైనా ఆపేసేవాడు. ఆ తిరుగుడంతా దండగనుకున్నాను.

ఈసారి పర్మిట్ తీసుకునే గోడ అడుగు కోయించి పైనుంచి వేలాడదీశాను. పునాదినానుకుని ఉన్న పచ్చిక పీకేసి, స్ప్రింక్లర్లు దూరం జరిపాను. నాన్న వచ్చినప్పుడు సందు చూపించి జరిగిందంతా చెప్పాను.

“ఇక్కడా రేగడేనట్రా?” అంటూ బయటికెళ్లి ఇంటిచుట్టూ తిరిగొచ్చాడు. చూరునీళ్ల గొట్టం పునాది మొదట్లోనే నీళ్లు పోస్తోందన్నాడు. ఆ సాయంత్రమే దానికి ఇంకో గొట్టం తగిలించి నీళ్లు వాలులోకి మళ్లించాం.