దొరగారూ, మళ్ళీ దయచేశారా!

రండి దొరగారూ, రండి! ఇన్నేళ్ళకు తీరిక దొరికిందన్నమాట. కుర్రతనంలో మిమ్మల్ని ఫిలిప్పీన్స్‌లోని క్లార్క్ స్థావరంలో దింపింది అమెరికా వైమానిక దళం. ఇప్పుడు అదే ఊళ్ళో దింపింది మీ పింఛను. నెత్తిన స్క్వాడ్రన్ పేరు కుట్టిన టోపీ, జేబులో బీపీ బిళ్ళలు, చేతిలో రంగు వెలిసిన ఫొటో. దాన్ని టాక్సీవాడి ముక్కు దగ్గర పెట్టి "మా ఇల్లెక్కడ?" అని నిలదీస్తున్నారు. మీరు వెళ్ళిపోయాక పుట్టినవాడు, పాపం వాడికేం తెలుసు? మర్యాదకు తలాడిస్తున్నాడు. మీటరు తిరుగుతోంది.

మీ ఇల్లు! ఆ మాటకొస్తే లెక్క చూద్దాం. 1898లో స్పెయిన్ ఈ దేశాన్ని మీకు రెండు కోట్ల డాలర్లకు అప్పగించింది. అమ్మినవాడూ పరాయివాడే, కొన్నవాడూ పరాయివాడే. ఆ బేరంలో ఊరివాడికి కూర్చోవడానికి పీట కూడా వెయ్యలేదు. 1903లో మీ గుర్రపు దళానికి పంపంగా ప్రాంతంలో గడ్డి బాగుందని తెలిసింది. గుర్రాలు మేసిన మేరకు స్థావరం పెరిగింది, తరతరాలుగా అక్కడ ఉన్న ఆయెటా గిరిజనులు కొండల్లోకి జరిగారు. 1947లో స్వతంత్ర దేశంతో పద్ధతిగా ఒప్పందం రాసుకున్నారు: గడువు 99 ఏళ్ళు, అద్దె సున్నా. రెండు గదుల వాటాకు మూడు నెలల అడ్వాన్సు గుంజే మా హైదరాబాదు ఇంటి ఓనర్లకు ఈ పత్రం చూపించకండి, ప్రాణానికి ప్రమాదం. 1966లో ఆ గడువును 1991కి కుదించారనుకోండి, అది వేరే సంగతి.

"అబ్బ, అదెంత చక్కటి కమ్యూనిటీ!" అంటున్నారు మీరు. నిజమే. పరేడ్ మైదానం చుట్టూ వరసగా ఆఫీసర్ల ఇళ్ళు, పెద్ద పెద్ద చెట్ల నీడ, సినిమా హాలు, గోల్ఫు, మీ ఊరి ధరలకే మీ ఊరి సరుకులు. కంచె లోపల అంతా అమెరికా. కంచె బయట కూడా ఒక కమ్యూనిటీ ఉండేది. మీ ఫొటోలో అది పడలేదు, కెమెరా అటు తిరిగి ఉండదు. మీ వంటశాలలు పనికిరావని వదిలేసిన పంది తలలను చవగ్గా కొనుక్కుని ఏంజెలెస్ పట్టణంవాళ్ళు వండుకున్నారనీ, ఇవాళ దేశమంతా లొట్టలు వేసే సిసిగ్ ఆ వంట నుంచే పుట్టిందనీ చెబుతారు. మీ ఇంకో స్థావరం సుబిక్ అడవుల్లో ఆయెటాలు మీ సైనికులకు ఏ తీగ కోస్తే నీళ్ళు వస్తాయో, ఏ ఆకు తింటే చావరో నేర్పారు. వియత్నాంలో మీవాళ్ళ ప్రాణాలు కాపాడిన చదువు అది. గురుదక్షిణ మాట మీరే చెప్పాలి.

సుబిక్ నౌకాస్థావరం గేటుకూ ఒలొంగాపో పట్టణానికీ మధ్య ఒక మురుగు కాలువ ఉండేది, గుర్తుందా? వంతెన మీంచి మీవాళ్ళు చిల్లర విసిరితే కింద చిన్న పడవల్లోని పిల్లలు ఆ మురుగులో మునిగి ఏరుకునేవారు. వంతెన దాటితే మగ్‌సాయ్‌సాయ్ వీధి బార్లు. అక్కడ పనిచేసే ప్రతి ఆడమనిషీ క్రమం తప్పకుండా ఆరోగ్య పరీక్ష చేయించుకుని కార్డు దగ్గర పెట్టుకోవాలి. ఆ పరీక్షల క్లినిక్కు నడపడంలో నగరపాలకులూ మీ నౌకాదళమూ చేతులు కలిపారు. శుభ్రత మీద అంత శ్రద్ధ! సరుకు నాణ్యతకు ముద్ర ఉంది, కొనుగోలుదారు నాణ్యత ఎవరూ అడగలేదు. ఇది మీ సొంత తెలివని గర్వపడకండి. బ్రిటిష్ దొరలు మా దేశపు కంటోన్మెంట్లలో ఆడవాళ్ళ పేర్లు రిజిస్టరుకెక్కించి ఈ పరీక్షలే పెట్టారు, పంతొమ్మిదో శతాబ్దంలోనే.

కార్డు ఉన్నా పిల్లలు పుట్టారు. సుమారు 50,000 మంది ఉంటారని ఒక అంచనా. 1982లో మీ కాంగ్రెస్ మనసు కరిగింది. ఆసియాలో మీ సైనికులకు పుట్టిన బిడ్డలు అమెరికా రావడానికి దారి చూపిస్తూ చట్టం చేసింది. కొరియా, వియత్నాం, లావోస్, కంబోడియా, థాయ్‌లాండ్. అంతటితో జాబితా అయిపోయింది. దాదాపు శతాబ్దం పాటు కాపురమున్న దేశం పేరు మాత్రం మరిచారు! ఇప్పుడు ఆ పిల్లలకూ జుట్టు నెరుస్తోంది. మీరు ఏంజెలెస్ వీధుల్లో మీ పాత బార్ల బోర్డులు వెతుక్కుంటూ పోతుంటే ఎదురుగా వచ్చే నడివయసు మనిషి ముఖం ఎక్కడో చూసినట్టుంటుంది. తొందరపడి పలకరించకండి. ముందు మీ లాయరుతో మాట్లాడండి.

మీ నిష్క్రమణ మాత్రం అమోఘం. 1991 జూన్ 10న పినటూబో అగ్నిపర్వతం భయానికి సుమారు 15,000 మంది కార్లలో బారులు తీరి సుబిక్ చేరారు. శాస్త్రజ్ఞులు, మీవాళ్ళూ ఫిలిప్పీన్స్‌వాళ్ళూ కలిసి, వేళకు హెచ్చరించబట్టి వేల ప్రాణాలు దక్కాయి. ఆ ఒక్క చోట వెక్కిరించడానికి నాకు నోరు రాదు. 15న కొండ పేలింది. అదే రోజు తుపాను. తడిసిన బూడిద బరువుకు ఇళ్ళ కప్పులు కూలి జనం చచ్చారు. క్లార్క్ ఇక లాభం లేదనుకుని మీరు నవంబరులో తాళాలు ఇచ్చేశారు. సుబిక్‌ను మాత్రం ఏడాదికి 20 కోట్ల 30 లక్షల డాలర్లిస్తాం, ఇంకో పదేళ్ళు ఉంచుకోనివ్వమన్నారు. సాక్షాత్తూ అధ్యక్షురాలు కొరజాన్ అకీనో మీ తరఫున ఊరేగింపు తీసింది. అయినా సెప్టెంబరు 16న వాళ్ళ సెనేట్‌లో 12 మంది వద్దన్నారు, 11 మంది సరేనన్నారు. మీ నౌకాదళాన్ని ఒక పేద దేశపు సభ ఓట్లేసి సాగనంపింది. 1992 నవంబరు 24న సుబిక్‌లో మీ జెండా దిగింది.

పోతూ పోతూ ఏం తీసుకెళ్ళారో చూడండి. ఓడలు బాగుచేసే తేలే డ్రైడాక్‌లను లాక్కెళ్ళారు. సుబిక్ దగ్గరి క్యూబీ పాయింట్ ఆఫీసర్ల క్లబ్బులో విమాన దళాలు గోడలకు తగిలించిన చెక్క ఫలకాలను జాగ్రత్తగా ఊడదీసి, ఫ్లోరిడాలోని పెన్సకోలా నౌకా వైమానిక మ్యూజియానికి పంపి, అక్కడ ఆ బారును మళ్ళీ కట్టుకున్నారు! బారుకు వీసా దొరికింది. బిడ్డకు దొరకలేదు.

ఏం వదిలారో కూడా చూడండి. ఇంధనం, రసాయనాలు ఇంకిన నేల. పినటూబో నిరాశ్రయులను, వేల కుటుంబాలను, క్లార్క్‌లో మీ పాత వాహనాల డిపో స్థలంలో గుడారాలేసి ఉంచారు. అక్కడి బావుల నీళ్ళే తాగారు. తరవాత పిల్లల్లో రోగాలు, పుట్టుకతో లోపాలు బయటపడుతున్నాయని స్థానికులు మొత్తుకున్నారు. శుభ్రం చేసే బాధ్యత మాకు లేదు, ఒప్పందంలో రాసే ఉంది అన్నారు మీవాళ్ళు. మీ దేశపు ఖర్చుల తనిఖీ సంస్థే 1992లో ఆ కాలుష్యం గురించి నివేదిక ఇచ్చింది. చదువుకుని బీరువాలో పెట్టుకున్నారు.

క్లార్క్ శ్మశానం కథ ఇంకా ముచ్చటైనది. అక్కడ మీ సైనికులూ వాళ్ళ కుటుంబాలవాళ్ళూ 8,600 మంది దాకా ఉన్నారు. మీరు వెళ్ళాక బూడిద కప్పింది, గడ్డి మొలిచింది. ఊళ్ళో స్థిరపడిన మీ మాజీ సైనికులే ఏళ్ళ తరబడి ఆ గడ్డి కోశారు. చివరకు 2013లో మీ కాంగ్రెస్ చట్టం చేసి ఆ సమాధుల పోషణ తలకెత్తుకుంది. చచ్చినవాళ్ళ వంతు రావడానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టిందంటే, బతికున్నవాళ్ళు ఇంకా కాస్త ఓపిక పట్టాలి.

ఊరు చెడిపోయిందని వాపోతున్నారు కదూ? గేటు పక్కన మాల్ ఏమిటి, కాసినోలేమిటి, వీధి వీధంతా కొరియావాళ్ళ బోర్డులేమిటి అని. ఏంజెలెస్ బార్ల వీధి ఫీల్డ్స్ అవెన్యూ మాత్రం మీ గౌరవార్థం మారలేదు. యూనిఫారాలు పోయాయి, నెరిసిన గడ్డాలొచ్చాయి. గిరాకీ మీ తరానిదే.

ఇంకొక శుభవార్త. 2014లో కుదిరిన కొత్త ఒప్పందంతో మీ దళాలు మళ్ళీ వస్తున్నాయి. ముందు ఐదు చోట్ల, 2023లో ఇంకో నాలుగు కలిపి తొమ్మిది. విదేశీ సైన్యానికి శాశ్వత స్థావరాలు ఉండవట, వంతులవారీగా వచ్చి పోతారట. ఎవరూ ఉండరు, ఎప్పుడూ ఉంటారు. ఆ 2014లోనే ఒలొంగాపోలో మీ మెరైన్ ఒకడు ఒక స్థానిక మహిళను చంపాడు. శిక్ష పడింది కానీ కాపలా కాసింది మీవాళ్ళే. 2020లో అధ్యక్షుడు డుటెర్టే క్షమాభిక్ష పెట్టి విమానమెక్కించాడు. క్లార్క్ ఉన్న పంపంగాలోనే బేసా వైమానిక కేంద్రం రన్‌వేను మీ డాలర్లతో బాగుచేశారు.

కాబట్టి దొరగారూ, తిరిగి వెళ్ళాక మీ సెనేటరుకు ఒక ఉత్తరం రాయండి. 1982 చట్టంలో ఐదు దేశాల పేర్లున్నాయి. ఆరో పేరు చేర్చమనండి. 1982 అక్టోబరు తరవాత పుట్టినవాళ్ళకు వర్తించదనే గడువు కూడా కొట్టేయమనండి, ఎందుకంటే ఆ తొమ్మిది చోట్లా వయసులో ఉన్న కుర్రాళ్ళే ఉంటారు.