యాప్ లేని దుకాణానికి దిక్కెవరు?

మహారాష్ట్రలోని నాందేడ్ నుంచి దెగ్లూర్ మీదుగా హైదరాబాద్ వచ్చే రోడ్డులో, నర్సీకి ముందు తగిలే ఊరు నాయ్‌గావ్. సోయాబీన్, పత్తి, కంది పండే తాలూకా. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న జిల్లా కాబట్టి మరాఠీతో పాటు తెలుగూ, దక్కనీ ఇక్కడ చెవిన పడతాయి. 2019 సెప్టెంబరులో నాయ్‌గావ్, భోకర్, దెగ్లూర్, కిన్వట్ ప్రాంతాల నాయకులు హైదరాబాద్ వచ్చి, తమ ఊళ్లను తెలంగాణలో కలుపుకోమని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్‌ను కోరారు. తెలంగాణ రైతులకు అందుతున్న పథకాలు తమకూ కావాలన్నారు. యాప్ కావాలని మాత్రం అడగలేదు. పాపం, వెనకబడిన ప్రాంతం!

ఆ వెనకబాటు పోగొట్టడానికి ఇప్పుడు యాప్ స్వాములు బయల్దేరారు. ఏ తాలూకా కేంద్రానికి వెళ్లినా వాళ్ల ప్రవచనం ఒకటే: "వెబ్‌సైటా, యాపా? ఇవాళే తేల్చుకోండి సేటుజీ, రేపటికి ఆలస్యమైపోతుంది!" ఇక్కడ చిన్న తమాషా ఉంది. ప్రశ్న వేసిన స్వామే రెండూ అమ్ముతాడు. సేటు వెబ్‌సైట్ అంటే స్వామి ముఖం కొంచెం ముడుచుకుంటుంది, యాప్ అంటే వెలిగిపోతుంది. "రెండూ వద్దు, నా బోర్డు మీద ఫోన్ నంబరు చెరిగిపోయింది, అది రాయించు" అంటే మాత్రం స్వామికి వినబడదు.

విత్తనాలు, ఎరువులు అమ్మే సేటు ఒకాయన్ను ఊహించుకుందాం. రైతు ఆయన గడప తొక్కేది ఖరీఫ్‌కు ముందొకసారి, పైపాటు ఎరువుకు ఇంకోసారి, చేనుకు పురుగు పడితే పరుగున మరోసారి. డబ్బు పంట అమ్మాకే. ఆ బేరమంతా ఉద్దెర మీద, ముఖపరిచయం మీద నడుస్తుంది. స్వామివారి లెక్క వేరు. ఆయన లెక్కలో రైతు తెల్లారి లేచి, వేపపుల్ల విరిచే లోపే సేటు యాప్ తెరుస్తాడు. యూరియా బస్తా బొమ్మను కళ్లారా చూసుకుంటాడు. ఐదు నక్షత్రాలిచ్చి పొలానికి బయల్దేరతాడు. ఏడాదికి మూడుసార్లు వచ్చే మనిషి తన ఫోన్‌లో, మనవరాలి వీడియోల మధ్య సేటుకు చోటు ఎందుకిస్తాడో స్వామి చెప్పడు.

ఇక యాప్ పురిటి కష్టాలు వినండి. ప్లే స్టోర్‌లో ఖాతాకు 25 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు. అంతవరకూ బాగానే ఉంది. అయితే సేటు తన సొంత పేరుతో వ్యక్తిగత ఖాతా తెరిస్తే ఒక నియమం ఉంది. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన అలాంటి ఖాతాలన్నిటికీ అది వర్తిస్తుంది. యాప్ జనంలోకి వెళ్లేముందు కనీసం 12 మంది పరీక్షకులు వరసగా 14 రోజులు అందులో చేరి ఉండాలి. మొదట 20 మంది అన్నారు, తర్వాత దయతలిచి తగ్గించారు. సోయాబీన్ కోతల్లో సేటుకు పన్నెండు మంది ఎక్కడ దొరుకుతారు? బామ్మర్దులు ఇద్దరు, అల్లుడొకడు, హమాలీలు నలుగురు, పక్క కిరాణా కొట్టాయన... పెళ్లికి పిలిస్తేనే పద్నాలుగు రోజులు కట్టుబడి ఉండని బామ్మర్దులు పరీక్షకు ఉంటారా? ఎనిమిదోనాడు ఒకడు ఫోన్ నిండిందని యాప్ తీసేస్తాడు. సేటు అతని చెల్లెలికి ఫిర్యాదు చేస్తాడు. ఇంట్లో పొయ్యి వెలగదు.

ఐఫోన్ వాళ్లకు కూడా కావాలంటే ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టాలి. పైగా వెబ్‌సైట్‌కే చొక్కా తొడిగి యాప్ అని తెస్తే ఒప్పుకోమని ఆపిల్ నియమాల్లో రాసుంది. స్వామివారు సాధారణంగా కుట్టేది ఆ చొక్కానే. సరే, ఎలాగోలా యాప్ పుట్టింది. దాన్ని కొత్త ఆండ్రాయిడ్‌కు తగ్గట్టు మారుస్తూ ఉండాలి. మార్చకుండా వదిలేస్తే కొన్నాళ్లకు కొత్త ఫోన్లవాళ్లకు ప్లే స్టోర్‌లో అది కనబడదు. అంటే సేటు యాప్ కొనలేదు, దానికి పోషకుడయ్యాడు.

"రోజూ పొద్దున్నే మీ ధరలు రైతు ఫోన్‌లో టింగుమంటాయి" అన్నది స్వామి చివరి అస్త్రం. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి ఆ టింగుకు ఫోన్ యజమాని అనుమతి ఉండాలి. అడగ్గానే ఎంతమంది సరేనంటారో మీ ఫోన్‌లో మీరు ఎన్నిటికి సరేనన్నారో చూసుకుంటే తెలుస్తుంది. వెబ్‌సైట్లకు ఆ టింగు చేతకాదనేది కూడా అబద్ధమే. ఆండ్రాయిడ్ ఫోన్ల క్రోమ్‌లో 2015 నుంచే ఆ సౌకర్యం ఉంది.

ఇది తాలూకా సేట్ల అమాయకత్వం అనుకునేరు. ఈ మంత్రం ముందు బెంగళూరు మేధావుల చెవిలోనే పడింది. బట్టలమ్మే మింత్రా 2015 మే 15న వెబ్‌సైట్ మూసేసి, ఇకనుంచి యాప్ మాత్రమే అని ప్రకటించింది. వెనక ఫ్లిప్‌కార్ట్ డబ్బు, ముందు దేశమంతా కొనుగోలుదారులు, లోపల ఇంజినీర్ల దండు. 2016 జూన్ 1న అదే వెబ్‌సైట్‌ను మళ్లీ తెరిచింది. ఫ్లిప్‌కార్ట్ కూడా ఫోన్లలో తెరుచుకునే తన సైట్‌ను 2015లో మూసి, ఆ నవంబరులోనే ఫ్లిప్‌కార్ట్ లైట్ పేరుతో బ్రౌజర్‌లోకి తిరిగొచ్చింది. అంతటివాళ్లకు అచ్చిరాని వ్రతం యూరియా సేటుకు ఫలిస్తుందట!

యాప్ అంటేనే దండగ అని నేననడం లేదు. సేటు కౌంటర్ మీద ఫోన్‌పే ఉంది, ఉద్దెర లెక్కకు ఖాతాబుక్ ఉండొచ్చు. రోజూ వాడేదానికి, సిగ్నల్ లేనిచోట కూడా నడవాల్సినదానికి యాపే సరి. వాటిని వాడటం వేరు, అలాంటిది తానూ ఒకటి కనాలనుకోవడం వేరు.

వెబ్‌సైట్ స్వాములూ తక్కువవాళ్లేం కాదు. సూట్లు వేసుకున్న తెల్లవాళ్లు చేతులు కలుపుకుంటున్న బొమ్మ, దాని కింద ఇంగ్లిష్‌లో "ప్రపంచస్థాయి సేవలు" అన్న మాట. కింది దాకా జరిపినా దుకాణం ఎన్నింటికి తెరుస్తారో ఉండదు. డీఏపీ వచ్చిందో లేదో ఉండదు.

మరి జనాన్ని చేరే దారేది? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. ప్రభుత్వమే జనం ఉన్నచోటికి నడిచి వచ్చినప్పుడు, సేటు జనాన్ని తన యాప్‌లోకి ఈడ్చుకు రావడమెందుకు?

కాబట్టి సేటుజీ, ముందు గూగుల్ మ్యాప్‌లో మీ దుకాణం పేరు కొట్టి చూడండి. నంబరు తప్పుంటే దిద్దుకోండి, అది ఉచితం. ఒక్క పేజీ వెబ్‌సైట్ పెట్టండి. దుకాణం ఎక్కడ, వేళలేమిటి, ఏ విత్తనం ఉంది, ఏ ఎరువు అయిపోయింది, మరాఠీలోనూ తెలుగులోనూ రాయించండి. ఆ లింకు వాట్సాప్‌లో రైతులకు పంపండి. యాప్ స్వామి మళ్లీ వస్తే చాయ్ తాగించండి. అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి.