ఏడుకొండల ట్రాము

పాతకాలపు వస్తువు గదా యని మురిపెమునకై నన్ను దాచియుంచిరని యాత్రికులు తలంతురు గాని అది నిజము కాదు. పోర్చుగల్ రాజధానియగు లిస్బన్ నగరమున, తేజూ నది యుత్తరతీరమునుండి నిట్టనిలువుగ లేచిన కొండలమీద, నడుమ 900 మిల్లీమీటర్ల యెడము మాత్రమేగల యినుప పట్టాలపై, పసుపుపచ్చని మేనితోను కొయ్యబల్లలతోను తిరుగాడుచుండు 28వ నంబరు ట్రామును నేను. నాకంటె పొడవైన బండి ఈ వీథుల మలుపులలో ఇమడదు గనుకనే నన్నింకను పనిలో నుంచిరి. ఈ నగరమున విద్యుత్తుతో నడచు ట్రాములు 1901లో మొదలయ్యెను. నా రూపము 1930ల నాటిది. 1990లలో క్రొత్త మోటారులను, క్రొత్త బ్రేకులను క్రింద నమర్చి, పైరూపును మాత్రము పాతదానినే నిలిపిరి. కావున నేను వృద్ధుడనో యువకుడనో నాకే నిశ్చయముగ తెలియదు; ఎత్తు నెక్కునపుడు యువకుడనని, దిగునపుడు వృద్ధుడనని తోచును.

లిస్బన్ ఏడుకొండల నగరమని ప్రసిద్ధి. ఒకనాడు నాలో నెక్కిన తెలుగు కుటుంబమునందలి కుర్రవాడు ఈ మాట చెప్పగానే అతని నాయనమ్మ అప్రయత్నముగ చేతులు జోడించి "గోవిందా!" యనెను. "ఆ ఏడుకొండలు కావే నాయనమ్మా" యని మనుమడు నవ్వగా, "ఏవైతే ఏంరా, ఎక్కడం ఎక్కడమేగా" యని ఆమె ముందున్న బల్లను గట్టిగ పట్టుకొనెను. పట్టుకొనుటయు మంచిదే యయ్యెను. ఏలయన మేము సావ్ ఫ్రాన్సీష్కు వాలునకు వచ్చియుంటిమి. అచ్చట నూరడుగుల నడకకు 13 అడుగులకు పైగ ఎత్తు పెరుగును. పండ్లచక్రము గాని లాగుత్రాడు గాని లేకయే, ఇనుపచక్రము ఇనుపపట్టాను కరచుకొను పట్టుచేతనే నేనా యెత్తు నెక్కుదును. వానకు తడిసి పట్టా జారునపుడు నా చోదకుడు చక్రముల ముందు ఇసుక జార్చును; ఆ యిసుక నలిగిన కరకరధ్వని విన్నపుడు గాని నాకు ధైర్యము రాదు.

దేశదేశములనుండి వచ్చు యాత్రికులను గూర్చి నాకొక ఫిర్యాదు గలదు. మార్తిం మునీష్ కూడలియందు ప్రొద్దెక్కగనే బారులుదీరి, 20 పీఠములు మాత్రమేగల నాలో ఒకరిపై నొకరు క్రిక్కిరిసి, చేతి ఫోనును కిటికీకి వెలుపల సాచి, ఈ కొసనుండి ఆ కొసవరకు కదలక కూర్చుండి, లిస్బన్ చూచితిమని లేచిపోవుదురు. నన్నెక్కుట యెవరికైనను తెలియును. ఎక్కడ దిగవలయునో తెలిసినవాడే ఈ ఊరును చూచినవాడు. పైగా ఆ క్రిక్కిరిసిన గుంపులో జేబుదొంగలకు పండుగ. వారు నా నిత్యప్రయాణికులు, వారి ముఖములు నాకు తెలియును, చెప్పుటకు నోరు లేదు. తెలివిగలవారు తెల్లవారిన కొలది సేపటికో, రాత్రి భోజనవేళకో వత్తురు. లేదా నా రెండవ కొసయగు ప్రజేరిష్ వద్ద ఎక్కి కిటికీప్రక్క చోటు సంపాదింతురు. అన్నట్లు, మార్తిం మునీష్ చుట్టుప్రక్కల భారతీయుల, బంగ్లాదేశీయుల, నేపాలీయుల దుకాణములు మెండు. పోపువాసన సోకక ఆ సందులు దాటుట కష్టము.

గ్రాస కొండనెక్కి దిగుదారిలో, మంగళవారమో శనివారమో అయినచో, సాంత క్లార మైదానమునకై తప్పక దిగవలయును. అచ్చట పాతసామానుల సంత జరుగును. ఆగిపోయిన గడియారములు, జతతప్పిన చెంచాలు, ఎవరివో యెరుగని పెండ్లి ఛాయాచిత్రములు నేలపై పరచియుండును. గోడలకంటించు నీలిపలకలును అమ్మకమునకు వచ్చును. వానిని కొనబోవువారు ఒక్కింత యాలోచింపవలయును. పాడుపడిన యిండ్ల గోడలనుండి దొంగలు పెరికి తెచ్చిన పలకలు ఈ నగరమున చేతులు మారుట క్రొత్త గాదు.

పిమ్మట ఎష్కోలష్ జెరాయిష్ వీథిలో ప్రవేశింతును. ఎదురెదురుగ రెండు బండ్లు సాగ వీలులేక ఒంటిపట్టా వేసిన చోటది. దీపము అనుమతించువరకు నేను నిలువవలయును. కొన్ని తావులలో గోడకును నాకును నడుమ జానెడు సందుండును. పాదచారి వీపు గోడకంటించి, పొట్ట లోనికి లాగి, ఊపిరి బిగబట్టి నన్ను సాగనంపును. ఎవడైన కారును పట్టాకు కొంచెము చేరువగ నిలిపి కాఫీకి పోయెనా, ఇక నా గతి చెప్పనలవి కాదు: చోదకుడు గంట మ్రోగించును, మరల మ్రోగించును, కిటికీలనుండి తలలు వెలువడును, ఆ కారెవరిదో ప్రతివారును తమకు తోచినట్లు చెప్పుదురు, తుదకు ప్రయాణికులే నలుగురైదుగురు దిగి కారు వెనుకభాగము నెత్తి ప్రక్కకు జరుపుదురు. ఆలోగా దిగి నడచినవాడు పోర్తష్ దు సోల్ వేదికపై చేరి, అల్ఫామ పేట ఎఱ్ఱపెంకుల కప్పులను, వానికావల నదిని చూచుచుండును. ఓడను చేతబట్టిన సంత్ విసేంతి విగ్రహము అక్కడనే గలదు. ఆ మహాత్ముని దేహమును ఈ నగరమునకు తెచ్చిన ఓడకు రెండు కాకోలములు కాపుండెనని ఐతిహ్యము. నగరచిహ్నమునందు నేటికిని ఆ పక్షులున్నవి.

నాలుగడుగుల దూరమున సాంత లూజియ వేదిక. అచ్చట అందరును నదివైపు తిరిగి నిలుతురు. నేను మాత్రము నదికి వీపు త్రిప్పి చర్చి గోడను చూడుడందును. ఆ గోడపై రెండు నీలిపలకల చిత్రములున్నవి. ఒకదానియందు 1755 భూకంపమునకు పూర్వము నదియొడ్డున రాజసౌధమున్న చౌకము. రెండవదానియందు 1147లో మూరుల కోటను పోర్చుగీసులు ముట్టడించుట. మూసికొనుచున్న కోటతలుపుల నడుమ తన దేహమునే అడ్డుపెట్టి, తనవారికి దారిచ్చి, నలిగి మరణించెనని చెప్పబడు వీరుడు మార్తిం మునీష్. నా యాత్ర మొదలగు కూడలి అతనిపేరిటిదే. ప్రొద్దున అతని పేరు వినక యెక్కినవాడు లేడు. ఇచ్చట దిగి అతనిని చూచినవాడు అరుదు.

అల్ఫామ మెట్లసందులలోనికి నాకు ప్రవేశము లేదు, కాలినడకయే గతి. రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మట చిన్న భోజనశాలలలో దీపములు తగ్గింతురు, 12 తీగల గితారు మొదలిడును, ఫాదు పాట లేచును. 2011లో యునెస్కో ఈ గానమును మానవజాతి వారసత్వముగ గుర్తించెను. పాట జరుగునపుడు గుసగుసలాడినను పొరుగువారు ఉరిమిచూతురు; ఫోర్కు చప్పుడు సైతము చేయరాదు. జూను 12 రాత్రి మాత్రము ఈ నియమములన్నియు తలక్రిందులగును. ఈ ఊర పుట్టిన సంత్ అంతోనియు పండుగకై ప్రతి గుమ్మము ముందు సార్డీను చేపలు బొగ్గులపై కాలును, పొగ నా కొయ్యబల్లలకు పట్టును, ప్రియులు ఒకరికొకరు కాగితపుపువ్వు గ్రుచ్చిన చిన్న కుండీలలో మంజెరీకు మొక్కల నిచ్చుకొందురు. అది మన తులసికి దాయాది. దానిని ముక్కుతో వాసన చూచుట అచ్చటి మర్యాద గాదు. అరచేత మొక్కను తడవి, ఆ చేతిని వాసన చూడవలయును.

దిగువనున్న బైష పేట తిన్నని వీథులు నాకు విసుగు గొలుపును గాని, చరిత్ర యెరిగినవారికి ముఖ్యములు. 1755 నవంబరు 1న సకల పరిశుద్ధుల పర్వదినమున భూమి కంపించి, నది పొంగి, నిప్పంటుకొని నగరము నాశముగాగా, పొంబాల్ మార్క్విసుగ పిమ్మట ప్రసిద్ధుడైన మంత్రి గోడలలోపల కొయ్యచట్రములు బిగించిన యిండ్లతో ఈ పేటను తిరిగి కట్టించెను. పైన కార్ము మఠపు కప్పులేని తోరణములు ఆ విపత్తునకు గురుతుగ నేటికిని నిలిచియున్నవి. ఆ మఠము ముందటి చౌకముననే 1974 ఏప్రిల్ 25న జనము గుమిగూడి నియంతృత్వపు పతనమును కన్నులార చూచెను. షియాదులో 1732 నాటి బెర్త్రాండ్ పుస్తకశాలయు, కాఫీశాల ముందు కాంస్యరూపమున కూర్చున్న పెసోవా కవియు గలరు. అతని ప్రక్క కుర్చీకై పెనుగులాడుటకంటె పుస్తకశాలలో ఒక గడియ గడపుట మేలు. వాస్కో డ గామా 1497లో బయలుదేరిన బెలెం తీరమునకు నేను పోను. అది నా సోదరుడగు 15వ నంబరుది.

ఎష్త్రెల చర్చి తెల్లని గుమ్మటము దాటి, పెసోవా తుదివరకు నివసించిన పేటమీదుగ ప్రజేరిష్ శ్మశానమునకు చేరుదును. సమాధులే చిన్న యిండ్లై, సైప్రెస్ చెట్ల నీడల వీథులుదీరిన చోటది. ఆ కవియు, ఫాదు గాయని అమాలియ రొద్రిగిష్‌యు మొదట ఇచ్చటనే విశ్రమించి, పిదప ఘనతర స్థలములకు తరలింపబడిరి. నీడకు మాత్రము ఇదియే మేలని నా మతము.

ఇచ్చట అందరును దిగవలసినదే. తిరిగిపోదలచువారు మరల బారులో నిలువవలయునని చోదకుడు చెప్పగా కొందరు డబ్బిచ్చితిమి గదా యని వాదింతురు. అతడు వాదింపడు, కాంపు ద్ ఒరీక్ అంగడి యెటనున్నదో చేయెత్తి చూపును, దాల్చినచెక్క పొడి చల్లి వేడివేడిగ తినవలసిన పాలమీగడ పేస్ట్రీ అచ్చట దొరకునని చెప్పి, తన కాఫీకి తాను పోవును.