మూసినా ఉద్యోగాలే, తెరిచినా ఉద్యోగాలే

మంత్రులు దావోస్ వెళ్లి ఒప్పందాల మీద సంతకాలు పెట్టినప్పుడల్లా లక్షల ఉద్యోగాలంటూ పేపర్లో పెద్దక్షరాలు పడతాయి. ఆ లక్షల్లోంచి మా సాస్తి దాకా ఒక్కటీ నడిచొచ్చిన దాఖలా లేదు. అలాగని సర్కారును ఊరికే ఆడిపోసుకోవడం ధర్మం కాదు. మహారాష్ట్రలోని మా చంద్రపూర్ జిల్లాలో ఒక ప్రభుత్వ విధానం నిజంగానే గల్లీగల్లీకీ పని చూపించింది. దరఖాస్తు లేదు, ఇంటర్వ్యూ లేదు. పదిహేనేళ్ల డొమిసైల్ కాగితం గానీ, 1950కి ముందు మీ తాత ఎక్కడున్నాడో చూపించే కాగితం గానీ ఎవరూ అడగలేదు. ఆ విధానం పేరు దారూబందీ, అంటే మద్యనిషేధం.

ఊరెరగని వాళ్లకు రెండు ముక్కలు. సాస్తి రాజురా తాలూకాలోని బొగ్గుబాయి ఊరు. వార్ధా నదికి అవతలి ఒడ్డున బల్లార్షా, ఇవతలి ఒడ్డున మేము. 1956 దాకా రాజురా హైదరాబాద్ రాష్ట్రపు ఆదిలాబాద్ జిల్లాలోదే. ఆ ఏడు గీసిన గీతతో బొంబాయి రాష్ట్రంలో పడింది. మనుషులు కదల్లేదు, రాష్ట్రమే కదిలింది. లక్కడ్‌కోట్ నాకా దాటితే ఇప్పటికీ తెలంగాణే. ఈ సరిహద్దు సంగతి గుర్తుపెట్టుకోండి, నేను చెప్పే ఉపాధి పథకానికి ఊపిరి అదే.

నిషేధం అడిగిన ఆడవాళ్లను చూసి నేను నవ్వడం లేదు. 2010 డిసెంబరు చలిలో చిమూర్ నుంచి నాగ్‌పూర్ అసెంబ్లీ దాకా వేలమంది నడిచారు. పక్క జిల్లాలు రెండింటికీ అప్పటికే నిషేధముంది. వార్ధాలో 1974 నుంచి, గడ్చిరోలిలో 1993 నుంచి. మాకెందుకు లేదన్నారు, న్యాయమే. 2015 ఏప్రిల్ 1న నిషేధం వచ్చింది. జిల్లా బాధ్యతలు చూసే పాలక మంత్రి సుధీర్ మునగంటివార్ రాష్ట్రానికి ఆర్థిక మంత్రి కూడా. ఖజానా తాళంచెవి నడుముకు కట్టుకున్న మనిషే సొంత జిల్లా రాబడి వదులుకున్నాడని మురిసిపోయాం. తేదీ ఏప్రిల్ ఒకటి కావడం ఆర్థిక సంవత్సరం వల్లే తప్ప వేరే ఉద్దేశంతో కాదని ఇప్పటికీ నమ్ముతున్నాను.

తెల్లారేసరికి బార్లలో గ్లాసులు కడిగే పిల్లలు, వంటవాళ్లు, గుమ్మం ముందు పల్లీలూ ఉడికించిన గుడ్లూ అమ్ముకునేవాళ్లు ఇంటికి పోయారు. వాళ్లకు ప్రత్యామ్నాయం ఏమిటని జీవోలో వెతకక్కర్లేదు. సరిహద్దే చూపించింది, అవతల తెలంగాణలో మందుకు అడ్డు లేదు కదా. అన్నిటికన్నా గౌరవప్రదమైన కొలువు 'పైలట్'. విమానం కాదు, మోటారు సైకిలు. సరుకున్న కారుకు కొంతదూరం ముందు వీడు పోవాలి. నాకా దగ్గర పోలీసు జీపు కనపడితే ఒక మిస్డ్ కాల్. వెనక కారు ఏ పత్తిచేను బాటలోకో తిరుగుతుంది. చేతిలో సీసా ఉండదు కాబట్టి కేసూ ఉండదు. ఐటీఐ ఫిట్టరు కోర్సు చేసి, భూమి పోయిన కుటుంబమన్న కాగితం పట్టుకుని గని ఆఫీసు చుట్టూ తిరిగే పిల్లలకు ఇంతకన్నా తొందరగా ప్లేస్‌మెంట్ ఇచ్చిన కాలేజీ ఈ చుట్టుపక్కల లేదు.

పైలట్ కింద అంచెలంచెలుగా సిబ్బంది. పాలక్యాన్లలో, కూరగాయల బుట్టల అడుగున సర్దేవాళ్లు, ఇంట్లో బియ్యం డబ్బాలో దాచేవాళ్లు, పవ్వా పవ్వాగా, అంటే క్వార్టరు సీసాలుగా చేతికందించేవాళ్లు. ఇందులో మహిళా సాధికారత కూడా సాధించాం. ఇంటి సోదాలో ఆడమనిషుంటే పోలీసు కొంచెం తటపటాయిస్తాడని ఆ కొలువులు వాళ్లకు రిజర్వు చేశారు. ఇక పట్టుకున్న సీసాలను వరసగా పరిచి రోడ్డురోలరు ఎక్కించే కార్యక్రమం ఉండనే ఉంది. ఫొటోగ్రాఫరుకూ పనే, రోలరు డ్రైవరుకూ పనే, మర్నాడు గాజుపెంకులు ఏరేవాళ్లకూ పనే.

నవ్వు ఒకచోట గొంతులో అడ్డం పడింది. 2018 నవంబరులో నాగ్‌భీడ్ దగ్గర మద్యం బండిని ఆపబోయిన పోలీసు అధికారిని ఆ బండితోనే గుద్ది చంపేశారు. అప్పుడైనా నిషేధాన్ని గట్టిగా అమలు చేయాలా, మానాలా అని కూర్చుని తేలుస్తారనుకున్నాం. కూర్చోవడానికి ఇంకా సమయం పట్టింది. ఈలోగా ముంబైలో సర్కారు మారింది.

కొత్త సర్కారు కమిటీ వేసింది, అర్జీలు పిలిచింది. రెండు లక్షలకు పైగా వచ్చాయి, చాలావరకు ఎత్తేయమనే. సాస్తికి ఓ మంచి ఆస్పత్రి కావాలని అర్జీ పెట్టమంటే మా గల్లీలో పదిమంది సంతకం చేయరు. ఆ తర్వాత వేసిన రమానాథ్ ఝా కమిటీ నివేదిక కూడా వచ్చాక 2021 మే 27న మంత్రివర్గం నిషేధం ఎత్తేసింది. దొంగసారా పెరిగిందనీ, నేరాల్లోకి ఆడవాళ్లూ పిల్లలూ దిగారనీ కారణాలు చెప్పారు. ఐదేళ్లలో పోయిన పన్ను రెండున్నర వేల కోట్లు దాటిందన్న లెక్క కూడా చెప్పారు. అమలు కాని చట్టాన్ని తీసేయడమే తెలివైతే, మా రోడ్డు మీద టార్పాలిన్ లేకుండా బొగ్గు రాల్చుకుంటూ పోయే లారీల చట్టం కూడా తీసేయొచ్చు. కాకపోతే దాని వల్ల ఖజానాకు రెండున్నర వేల కోట్లు రావు.

ఆ మే నెల గుర్తుందా? కరోనా రెండో విడత, జనం ఆక్సిజన్ సిలిండర్ల కోసం పరుగులు పెడుతున్న రోజులు. అప్పటి పాలక మంత్రి విజయ్ వడెట్టివార్ గారి చేతిలో ఉన్న శాఖ సహాయ పునరావాసం. వరద బాధితులకు కాస్త ఆలస్యమైనా బార్లకు పునరావాసం చకచకా జరిగిపోయింది. జులై 5న షట్టర్లు లేచాయి. ఒక బారులో ఆ మంత్రి ఫొటోకు హారతి కూడా ఇచ్చారని వార్తలొచ్చాయి.

మంత్రివర్గం తీర్మానం నుంచి గల్లాపెట్టె మోగే దాకా ముప్పై తొమ్మిది రోజులు. ఇటు రైలెక్కితే వచ్చే కాగజ్‌నగర్ సంగతి చూడండి. సిర్పూర్ కాగితం మిల్లు 2014లో మూతపడితే, రాయితీలిచ్చి, జేకే పేపర్‌ను తెచ్చి 2018లో తెరిపించే సరికి నాలుగేళ్లు పట్టింది. ఆ ఉద్యోగాలు నిజమైనవి, కాదనను. కానీ ఆ నాలుగేళ్లూ కార్మికుల ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగిందో వాళ్లనే అడగాలి. మిల్లుకు నాలుగేళ్లు, బారుకు ముప్పై తొమ్మిది రోజులు. సులభతర వాణిజ్యంలో మేమెక్కడున్నామా అని ఢిల్లీ వాళ్లు తల పట్టుకోనక్కర్లేదు, ఈ రెండు లెక్కలు చూస్తే చాలు.

మరాఠీ దొరలనే అంటున్నానని అటువైపు తెలుగువాళ్లు సంబరపడొద్దు. ఎన్టీఆర్ 1995లో పెట్టిన సంపూర్ణ నిషేధం రెండేళ్లకే సడలింది. 2019లో ఆంధ్రలో సర్కారే దుకాణాలు పెట్టి, సూపర్‌వైజరుకు డిగ్రీ, సేల్స్‌మన్‌కు ఇంటర్ అర్హతగా పెట్టి పిల్లల్ని తీసుకుంది. దశలవారీ నిషేధమని చెబుతూ దశలవారీగా ఉద్యోగాలిచ్చారన్నమాట. 2024 అక్టోబరులో ప్రైవేటుకు లాటరీ తీయగానే వాళ్లంతా రోడ్డెక్కారు. తెలంగాణ పద్ధతి ఇంకా సుఖం. 2023లో 2,620 దుకాణాలకు లక్షా ముప్పై ఒక్క వేల పైచిలుకు దరఖాస్తులు, ఒక్కోదానికి తిరిగిరాని ఫీజు రెండు లక్షలు. అంటే మూత తీయకముందే 2,639 కోట్లు. ఇన్ని దరఖాస్తులు ఏ పరిశ్రమల పార్కుకైనా వచ్చాయా? నిరుద్యోగులు ఎక్కువగా ఉన్నచోట ఇంత పెట్టుబడి ఎక్కడ దాక్కుందో పరిశ్రమల శాఖ కనుక్కోవాలి.

బార్లు తెరిచాక మా పైలట్లు ఏమయ్యారంటారా? కొందరు గనిలో మట్టి తీసే కాంట్రాక్టరు దగ్గర డంపర్లెక్కారు, టెండరు ఉన్నన్నాళ్లే జీతం. కొందరు మాత్రం అనుభవాన్ని వృథా చేసుకోలేదు. గడ్చిరోలి ఇంకా నిషేధంలోనే ఉంది కదా. ఒక జిల్లాలో పోయిన ఉద్యోగం పక్క జిల్లాలో దొరకడాన్నే ప్రాంతీయ సమతుల్య అభివృద్ధి అంటారు కాబోలు.

2025 జూన్‌లో మహారాష్ట్ర సర్కారు మన దేశంలో తయారయ్యే విదేశీ మద్యం మీద ఎక్సైజు సుంకాన్ని ఒక్కసారే ఒకటిన్నర రెట్లు చేసింది. ఈ పెంపులన్నీ కలిపి ఏటా 14,000 కోట్లు అదనంగా వస్తాయని అంచనా. జులై 14న బార్లవాళ్లు మూసేసి నిరసన చెప్పారు. అంటే ఈసారి దారూబందీ చేసింది దుకాణదారులే. ఆ డబ్బు దేనికంటే, ఆడవాళ్లకు నెలకు పదిహేను వందలిచ్చే లాడ్కీ బహీణ్ పథకానికే అని ఊళ్లో కుర్రాడు కూడా చెబుతాడు. తాగుడు మాన్పించమని నాగ్‌పూర్ దాకా నడిచిన ఆడవాళ్లకు తాగుడు డబ్బుతోనే సాయం చేస్తున్నారు. పాపం, అంతదూరం నడిచినందుకు ఖాళీ చేతులతో పంపకూడదు కదా.

మొన్న మా గల్లీలో వదినను అడిగాను. "వదినా, నీ పైసలు పడ్డయా ఈ నెల?"

"మీ అన్న గట్టిగ తాగిన నెల జల్ది పడ్తయనుకుంట," అంది చేట చెరుగుతూనే.

"ఎన్నికలప్పుడు రెండువేల వంద చేస్తమన్నరు గదా?"

"అన్నరు. గని అంత గావాలంటే మీ అన్న ఒక్కనితోని గాదు మరిదీ, నువ్వు సుత మొదలువెట్టాలె."