పది నిమిషముల సూత్రము: టీకా తాత్పర్య విశేషములు

మూలము:
*/10 * * * *

అవతారిక: కాగితములను స్కాను చేసి దాచుకొనువారికి పేపర్‌లెస్-ఎన్‌జీఎక్స్ అను సాఫ్ట్‌వేరు పరిచితము. అది ఈమెయిలు పెట్టెను ఎంతకొకసారి తెరచి నియమములు నడపవలెనను ప్రశ్నకు, కర్తలు ముందే వ్రాసిపెట్టిన జవాబిది. సూత్రము అల్పాక్షరముగా నుండవలెనందురు పెద్దలు. ఇందు అక్షరమే లేదు.

ప్రతిపదార్థము: */10 = పది నిమిషములకొకసారి; * = ఏ గంటనైనను; * = ఏ తేదీనైనను; * = ఏ నెలనైనను; * = ఏ వారమునైనను. ‘పోయి చూడుము’ అని క్రియ అధ్యాహార్యము. అంగములైదు గనుక ఇదియు పంచాంగమే. నక్షత్రములకు కొదువ లేదు. మొదటి నక్షత్రమును, గీతను విడిచి ఉత్త 10 అని వ్రాసినచో గంటకొక్కమారు, పదవ నిమిషమున మాత్రమే నడచును.

తాత్పర్యము: దినమునకు 144 మార్లు, ముప్పది దినముల నెలకు 4,320 మార్లు పెట్టె తెరచి చూడవలెను. అందు కరెంటు బిల్లు ఒక్కమారు వచ్చును.

శంక: ఒక్క బిల్లునకింత తిరుగుడేల? దినమునకొకమారు చాలదా?

సమాధానము: చాలును. కట్టుటకు గడువున్న బిల్లు పది నిమిషములలో అరలో చేరినందువలన ఎవరికిని పుణ్యము లేదు. అయినను ఉత్తరము వచ్చినదని ఇచట కబురు చెప్పువారు లేరు. పోయి చూచినఁగాని తెలియదు. కబురు లేనిచోటనే గడియారము ప్రమాణము. పేపర్‌లెస్ కనిపెట్టియుండు ఫోల్డరులో పడవేసిన పీడీఎఫ్ సంగతి వేరు. లినక్స్‌లోని ఐనోటిఫై అను వార్తాహరుడు తక్షణమే చెప్పును. అచట నిమిషముల లెక్క దండుగ. ఆ ఫోల్డరు నెట్‌వర్కు డిస్కుమీద నున్నచో అతడు మూగవోవును. మరల గడియారమే గతి. ఇన్సూరెన్సు గడువునకు పదునైదు దినముల ముందు ట్యాగు తగిలించు నియమమును అట్టిదే. దినము గడచినదని ఎవరును తలుపు తట్టరు గదా.

విశేషము: పత్రములను వర్గీకరించుట నేర్చుకొను పనికి వేరొక సూత్రము కలదు: 5 */1 * * *. గంటగంటకు అయిదవ నిమిషమున అని అర్థము. ‘*/1’ అన్నను ‘*’ అన్నను ఒక్కటియే కాగా ‘/1’ ఏల? నొక్కి చెప్పుటకని ఒకరు, పాదపూరణమని మరొకరు. మేము రెండవవారి పక్షము. నేర్చుటకు కొత్త మార్పేమియు లేకున్న ఆ పని పాఠము మొదలిడకయే లేచిపోవును. అందుచే గంటకొకమారైనను బరువు లేదు. ఇది మెచ్చవలసిన వివేకము.

పత్రములన్నియు క్షేమమేనా యను పరీక్షకు శనివారము అర్ధరాత్రి దాటి ఆదివారము పుట్టిన అరగంటకు, 12:30కి ముహూర్తము. అందరు నిద్రించు వేళ యని కర్తల ఊహ కాబోలు. కాని ఆ గడియారము యూటీసీది. టైమ్‌జోను మార్చుకొనని హైదరాబాదువాసికి అది తెల్లవారి 6 గంటలకు, కాఫీవేళ పడును.

పాఠభేదము: తేదీని, వారమును రెంటిని పేర్కొన్నచోట శాఖలు చీలినవి. ‘1వ తేదీ, సోమవారము’ అన్నచో, ఇట్టి సూత్రములకు పుట్టినిల్లైన పాత యూనిక్స్ క్రాను ప్రతి 1వ తేదీనను, ప్రతి సోమవారమునను లేచును. పేపర్‌లెస్ లోపల పనులు పంచు సెలరీ శాఖలోనో రెండును ఒకేనాడు కలసి రావలెను. మొదటివారికి ఏటికి అరువది పైచిలుకు మార్లు. రెండవవారికి మూడునకు మించదు.